విషయం: నాలుగుసార్లు ‘పరిష్కారమైన’ నా ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ గుణకారం యాప్‌లో 23ని 14తో గుణిస్తే గళ్ళ పటంలో (23ని 20, 3గా, 14ని 10, 4గా విడదీసి, ఒక్కో గడిలో ఒక్కో జత లబ్ధం వేసే బొమ్మ) నాలుగు గడులకు మూడే నిండుతున్నాయి. 200, 80, 30 పడి, మూలన 12 రావాల్సిన గడి ఖాళీగా మిగిలిపోతోంది. మా పాప 322 అని కొడితే తప్పట, 310 కరెక్టట. సరే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నా కోపం దాని మీద కాదు.

మొదట ఫోన్ ఎత్తినాయన యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నాడు. వేసుకున్నాను. గడి ఖాళీయే. రెండో ఆవిడ కథంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుని, “పాపకి ఎక్కాలు సరిగ్గా వచ్చా మేడమ్?” అని అడిగింది. వచ్చమ్మా, మీ యాప్‌కే రాలేదు! మూడో ఆయన ఇరవై నిమిషాలు పాట వినిపించి, “బొమ్మ అవగాహన కోసమే, జవాబు కోసం కాదు” అని సెలవిచ్చాడు. నాలుగోసారి మనిషే దొరకలేదు. ‘మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ అని మెసేజ్ వచ్చింది. ప్రతిసారీ కొత్త టికెట్ నంబరు మాత్రం తప్పకుండా ఇచ్చారు, సంతోషం.

మూడేళ్ళుగా మీకు చందా కడుతున్నాను. ఏడు ఎనిమిదులు ఎంతంటే బిక్కమొహం వేసే పిల్ల, ఎనిమిదేసి గడుల ఐదు వరుసలు ఒక రంగు, రెండు వరుసలు ఇంకో రంగు వేసుకుని 40, 16, మొత్తం 56 అని తనంతట తానే చెప్పిన రోజు, తెలిసినవాళ్ళందరికీ మీ యాప్ గురించే చెప్పాను. ఇప్పుడు వాళ్ళకి మొహం చూపించలేకపోతున్నాను.

మొన్న ఆ పిల్ల నోట్‌బుక్‌లో తను సరిగ్గా వేసిన 322ని రబ్బరుతో చెరిపి 310 రాసుకుంది. “యాప్ చెప్పింది కదమ్మా” అంది. మీ నాలుగు టికెట్లలో ఈ మాట ఎక్కడైనా ఎక్కించారా?

గడి సరిచేస్తారో, చందా వాపసు చేస్తారో మీ ఇష్టం. వారంలో కబురు రాకపోతే నాలుగు టికెట్లూ పట్టుకుని వినియోగదారుల కోర్టుకి వెళ్తాను. తెలిసినవాళ్ళకి ఈసారి ఏం చెప్పాలో కూడా నాకు తెలుసు. ఈలోపు ఎవరైనా ఫోన్ చేసేట్టయితే, మూడు నాలుగులు ఎంతో తెలిసినవాళ్ళ చేత చేయించండి.

ఇట్లు,
మీ పాత చందాదారు