అమ్మలుకి, ఓడ దిగే రోజుల గురించి

అమ్మలూ,

ఎలా ఉన్నావు? పండు దగ్గు తగ్గిందా? మేం బాగానే ఉన్నాం. అమ్మ మోకాలికి ఆ కొత్త ఆయింట్‌మెంట్ పనిచేస్తోంది, పెరట్లో మామిడి ఈసారి కాపు లేదు గానీ మునగ మాత్రం విరగకాసింది, కింద వాటావాళ్ళు వచ్చే నెల ఖాళీ చేస్తామంటున్నారు. ఇవన్నీ ఫోన్లో చెప్పేవాణ్ణే, నువ్వు ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు రావడం లేదు. ఆఫీసు పని ఎక్కువగా ఉందనుకుంటున్నాను. తీరిక దొరికినప్పుడు చదువుకుంటావని రాస్తున్నాను, అంతేగానీ ప్రత్యేకంగా ఏమీ లేదు.

మొన్న గాజువాకలో మందుల షాపు దగ్గర మీ మరిది మధు కనబడ్డాడు. వాళ్ళ అన్నయ్య ఫోన్ చేశాడట. మాటల్లో మాటగా చెప్పాడు, మీరు క్రూయిజ్ కంపెనీ టూర్లన్నీ రద్దు చేసుకున్నారని, ప్రతి రేవులోనూ సొంతంగా దిగి తిరుగుతారని, రోమ్ కూడా రైల్లోనే వెళ్ళొస్తారని. నేను అతనితో ఏమీ అనలేదు. అమ్మకీ చెప్పలేదు, ఆవిడ బీపీ సంగతి నీకు తెలుసు. మధు ఒకటి విని ఇంకొకటి చెప్పే మనిషి కాబట్టి నిజం కాకపోవచ్చు కూడా.

నువ్వు పంపిన రూటు కాగితం ప్రింటు తీయించి దగ్గరే పెట్టుకున్నాను. బార్సిలోనాలో ఎక్కడం, ఇటలీలో లివోర్నో, చివితవెక్కియా, నేపుల్స్, గ్రీసులో సాంటోరిని దీవి, టర్కీలో కుషాదసి, చివరికి ఏథెన్స్ దగ్గరి పిరయస్‌ రేవులో దిగడం. మంచి రూటు. బార్సిలోనాకి మాత్రం ఓడ ఎక్కే రోజు పొద్దున విమానంలో కాదు, ఒక రోజు ముందే చేరండి. ఆ సాయంత్రం సగ్రాడా ఫమీలియా చూడొచ్చు, 1882లో మొదలుపెట్టిన చర్చి అది, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. అక్కడ రాంబ్లా వీధిలో జేబుదొంగలు ఎక్కువ. అల్లుడికి ఫోను వెనక జేబులో పెట్టుకునే అలవాటు ఉంది, నేను చెప్తే బాగుండదు, నువ్వే చెప్పు.

ఇప్పుడు రోమ్ సంగతి. టూరు పేరులో రోమ్ అని ఉంటుంది గానీ ఓడ ఆగేది రోమ్‌లో కాదు, చివితవెక్కియాలో. అక్కణ్ణించి ఊరు ఎనభై కిలోమీటర్లు. రేవు చాలా పెద్దది, ఓడ దగ్గర షటిల్ బస్సు ఎక్కి రేవు గేటు దాకా రావాలి, అక్కణ్ణించి స్టేషన్‌కి వెళ్ళాలి, ఆ తర్వాత రైల్లో సుమారు గంట ప్రయాణం. వాటికన్ దగ్గర సాన్ పియెత్రో అనే స్టేషన్ ఉంది, అక్కడ దిగితే నడక తక్కువ. ప్యాసింజర్ రైలుకి కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కేముందే ప్లాట్‌ఫాం మీది మెషీన్లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇటలీలో రైలు సమ్మెలు మామూలు. ముందుగానే తేదీ ప్రకటిస్తారు, పనిరోజుల్లో పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య కొన్ని రైళ్ళు తప్పనిసరిగా నడపాలని అక్కడ రూలు. కానీ మీరు తిరిగి రావాల్సింది మధ్యాహ్నం కదా, ఆ వేళకి ఏ హామీ ఉండదు.

లెక్క వేసి చూడు. ఓడ ఏడింటికి రేవులో కట్టినా జనం దిగేసరికి ఎనిమిది అవుతుంది. మీ అత్తగారి నడక, పండు బాత్రూము, అన్నీ కలిపి రోమ్ చేరేసరికి పదిన్నర. సాయంత్రం ఆరున్నరకి అందరూ ఓడ మీద ఉండాలంటే మూడున్నర రైలు తప్పకూడదు. ఐదు గంటల్లో కొలోసియమా, వాటికనా? చర్చిలోకి మోకాళ్ళు, భుజాలు కప్పుకుని వెళ్ళాలి, పండుకి నిక్కర్లే సర్దుకున్నావేమో, ఒక పొడుగు ప్యాంటు వెయ్యి.

కంపెనీ టూరు ఖరీదని నాకూ తెలుసు. కానీ గైడు లేకుండా ఒట్టి బస్సు మాత్రం ఇచ్చే టికెట్ కూడా చాలా ఓడల్లో ఉంటుంది, పొద్దున ఊళ్ళో దింపి, చెప్పిన టైముకి మళ్ళీ ఎక్కించుకుంటారు. దానికి అంత డబ్బు అవదు. అసలు లాభం ఏంటంటే, కంపెనీ అమ్మిన బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, ఆగలేకపోతే తర్వాతి రేవుకి వాళ్ళ ఖర్చుతోనే చేరుస్తారు. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు. ఎంత బతిమాలినా ఆగదు.

నేను టగ్ మీద, అంటే పెద్ద ఓడల్ని రేవులో లాగే చిన్న ఓడ మీద, ఉన్న రోజుల్లో ఒకటి జరిగింది, నీకు గుర్తుండదు, నువ్వప్పటికి బళ్ళో చేరలేదు. విశాఖ అవుటర్ హార్బర్లో ఒక పెద్ద ఓడ ఇనుప ఖనిజం ఎక్కించుకుని బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. అందులో ఫిలిప్పీన్స్ కుర్రాడొకడు, వంటవాడికి సాయం చేసేవాడు, పాస్ తీసుకుని ఊళ్ళోకి వెళ్ళాడు. పిల్లలకి బట్టలు కొనుక్కోవాలని పూర్ణా మార్కెట్ వెళ్ళాడట. ఓడ మెట్ల దగ్గర పలక మీద సుద్దముక్కతో రాసి పెడతారు, ఎన్నింటికల్లా అందరూ పైన ఉండాలో. అది చూసుకునే వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటో ఎక్కడో లారీల వెనక ఇరుక్కుపోయింది. వాడు దిగి, సంచి పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు.

అప్పటికి ఓడని రేవు దాటించే పైలట్ ఎక్కేశాడు, మెట్లు ఎత్తేశారు, ముందు తాళ్ళు వదిలేశారు. మేం వెనక వైపు లాగుతున్నాం. వాడు జెట్టీ అంచున నిలబడి చేతులూపుతున్నాడు. నేను టగ్ డెక్కు మీంచి చూస్తూనే ఉన్నాను, ఓడకీ గోడకీ మధ్య నీళ్ళు ముందు మూరెడు, తర్వాత బారెడు, చూస్తుండగానే ఒక రోడ్డంత అయిపోయింది. పైన కెప్టెన్ ఓడ నడిపే బ్రిడ్జి గది చివర నిలబడి వాణ్ణి చూశాడు, చూడనట్టు ఉండిపోలేదు, చెయ్యెత్తాడు కూడా. కానీ ఏం చేస్తాడు? అంత బరువుతో కదిలిన ఓడని మళ్ళీ గోడకి చేర్చాలంటే టగ్గులు, తాళ్ళు, మనుషులు అందరూ మళ్ళీ మొదటి నుంచీ రావాలి. ఆ జాగా కోసం బయట ఇంకో ఓడ లంగరేసి కూర్చుంది. పైలట్‌కి దాని టైము ఇచ్చేశారు. వాణ్ణి లాంచీలో తీసుకెళ్ళి తాళ్ళ నిచ్చెన ఎక్కిద్దామంటే ఆ రోజు సముద్రం లేచి ఉంది.

వాడి పాస్‌పోర్టు ఓడ వాళ్ళు రేవులో తమ పనులు చూసే ఏజెంటుకి ఇచ్చి వెళ్ళారు కాబట్టి బతికిపోయాడు. అయినా ఇమ్మిగ్రేషన్ వాళ్ళ ప్రశ్నలు, కాగితాలు, లాడ్జి, చివరికి విమానంలో తర్వాతి రేవుకి, ఆ ఖర్చంతా వాడి జీతంలోంచే. లాడ్జిలో ఉన్నన్నాళ్ళూ అమ్మ రోజూ అన్నం కట్టిచ్చేది, నేను పట్టుకెళ్ళేవాణ్ణి. పప్పుచారు ఇష్టంగా తినేవాడు. పిల్లలకి కొన్న చొక్కాలు మంచం మీద పరిచి నాకు చూపించాడు. వాడిది ఉద్యోగం, వయసు కుర్ర వయసు, ఒంటరి మనిషి, కాబట్టి తట్టుకున్నాడు. చేతిలో పిల్లాడు, పక్కన మీ అత్తగారు, ఆవిడ మందులన్నీ ఓడ గదిలో. అలా తెలియని ఊరి రేవులో నువ్వు నిలబడ్డావనుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

అలాగని అన్ని చోట్లా కంపెనీ బస్సే ఎక్కమనను. నేపుల్స్‌లో ఓడ ఊళ్ళోనే ఆగుతుంది, రేవు దాటితే ఎదురుగా పాత కోట. అక్కడ హాయిగా మీ అంతట మీరు తిరగండి. పాంపే వెళ్ళాలంటే లోకల్ రైలుంది, నలభై నిమిషాల లోపే, కిక్కిరిసి ఉంటుంది, బ్యాగులు ముందుకి తగిలించుకోండి. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో కప్పడిపోయిన ఊరు అది. వీధుల్లో బళ్ళ చక్రాలు రాతిని కోసిన గాడులు ఇప్పటికీ ఉన్నాయి, జనం అటు నుంచి ఇటు దాటడానికి రోడ్డు మధ్యలో ఎత్తు రాళ్ళు వేసి ఉంటాయి, బండి చక్రాలు వాటి సందుల్లోంచి పోయేవి. వీడియోలో ఎన్నిసార్లు చూశానో. పండుకి చూపించు, నచ్చుతుంది వాడికి. కానీ ఆ రాళ్ళ మీద మీ అత్తగారు నడవలేరు, నీడ ఉండదు, ఆవిడకి గేటు దగ్గర కాఫీ హోటల్లో కూర్చునే ఏర్పాటు చేసి అల్లుణ్ణి తోడు ఉంచు.

లివోర్నో దగ్గర పీసా చాలు. ఇరవై పాతిక కిలోమీటర్లే. ఫ్లోరెన్స్ తొంభై కిలోమీటర్ల దూరం, మళ్ళీ అదే రోమ్ కథ, వద్దు.

సాంటోరినిలో ఓడ ఒడ్డుకి రాదు, చిన్న పడవల్లో దింపుతారు. పడవలోకి దిగేటప్పుడు అది లేస్తూ పడుతూ ఉంటుంది, నావికుడు చెయ్యి అందించేదాకా ఎవ్వరూ కాలు వెయ్యొద్దు, పండుని నువ్వు ఎత్తుకోకు, వాళ్ళకే అందించు. కింద పాత రేవు నుంచి ఊరు నిట్టనిలువు కొండ మీద. కేబుల్ కారు ఉంది, ఆరు వందల దాకా మెట్లున్నాయి, గాడిదలున్నాయి. గాడిదలు వద్దు. పాపం వాటి మీద వంద కిలోలు దాటి, లేదా వాటి బరువులో అయిదో వంతు దాటి వెయ్యకూడదని 2018లో అక్కడి ప్రభుత్వమే రూలు పెట్టాల్సి వచ్చింది. సాయంత్రం అన్ని ఓడల జనమూ ఒకేసారి కిందికి రావాలి కాబట్టి కేబుల్ కారు దగ్గర క్యూ గంట పైనే అవుతుంది. సూర్యాస్తమయం ఫొటో కోసం ఆగకండి, ముందే దిగిపోండి. 2025 నుంచి వేసవిలో అక్కడ దిగే ఓడ ప్రయాణికులకి మనిషికి ఇరవై యూరోల పన్ను కూడా ఉంది, టికెట్లో కలిపారో లేదో చూసుకో.

ఇంకొకటి, ఇటలీకీ గ్రీసుకీ గంట తేడా. ఫోను దానంతట అది టైము మార్చుకుంటుంది, ఓడ టైము ఎప్పుడు మారుస్తారో వాళ్ళు చెప్తేనే తెలుస్తుంది. అల్లుడికి పెళ్ళిలో పెట్టిన వాచీ ఉంది కదా, అది ఓడ టైముకి పెట్టి చేతికి పెట్టుకోమను. ఓడ గదిలో రోజూ ఒక కాగితం ఇస్తారు, ఆ రేవు ఏజెంటు ఫోన్ నంబరు అందులో ఉంటుంది. దిగేముందు దాని ఫొటో తీసుకుని నాకూ పంపు. సొంతంగా దూరం వెళ్ళే రోజు పాస్‌పోర్టులు ఒంటి మీదే ఉండాలి, ఓడ వాళ్ళ దగ్గరే ఉంచుకుంటే కనీసం కాపీలైనా.

కుషాదసి టర్కీ కదా. అక్కడ ఎఫెసస్ అనే పాత నగరం శిథిలాలు ఇరవై కిలోమీటర్లు, పర్లేదు. నా భయం వేరే. నీకూ అల్లుడికీ జర్మనీలో ఉండటానికి ఇచ్చిన కార్డు ఉంది. మీ అత్తగారిది విజిటింగ్ వీసా. టర్కీలో అడుగుపెడితే షెంగెన్, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల హద్దు, దాటినట్టే, మళ్ళీ పిరయస్‌లో దిగితే రెండోసారి లోపలికి వచ్చినట్టు. ఆవిడ వీసా మీద ఎంట్రీల దగ్గర ఒకటి అని ఉందో, మల్టీ అని ఉందో చూశారా? ఒకటే అయితే బార్సిలోనాలో ఓడే ఎక్కనివ్వకపోవచ్చు. టర్కీకి ఆవిడకి వేరే వీసా కావాలా అన్నది కూడా కంపెనీకి ఈమెయిల్ పెట్టి జవాబు దగ్గర ఉంచుకో, ఫోన్లో చెప్పిన మాట పనికిరాదు.

ఎక్కిన రోజు లైఫ్‌బోట్ డ్రిల్లు తప్పించుకోవద్దు. 2012 జనవరి 13న కోస్టా కాంకోర్డియా అనే ఓడ ఆ చివితవెక్కియాలోనే బయల్దేరి కొన్ని గంటల్లో రాతికి కొట్టుకుంది, 32 మంది పోయారు. ఆ రేవులో ఎక్కినవాళ్ళకి డ్రిల్లు అప్పటికింకా జరగనే లేదు. నిన్ను భయపెట్టాలని కాదు. ఆ తర్వాత రూలు మార్చారు, ఇప్పుడు బయల్దేరేలోపే, లేదా బయల్దేరగానే చేయిస్తారు. పండుకి వాడి సైజు జాకెట్ అడిగి తీసుకుని ఒకసారి తొడిగి చూడు.

మళ్ళీ చెప్తున్నాను, రోమ్ రోజు బస్సు తీసుకోండి. నలుగురికీ ఎంతవుతుందో చెప్పు, నేను పంపుతాను. నువ్వు డబ్బు దగ్గర ఎందుకు జాగ్రత్తగా ఉంటావో నాకు తెలుసు, హైదరాబాద్ ఫ్లాట్ అప్పు సంగతి కూడా తెలుసు, అల్లుడికి చెప్పక్కర్లేదు, పండు పుట్టినరోజుకి తాతయ్య ఇచ్చాడని చెప్పు. పెన్షన్ పడింది, నాకు ఇక్కడ ఖర్చేముంది?

మధు చెప్పింది నిజం కాకపోతే, ఇదంతా పక్కన పెట్టెయ్. ఏదైనా ఒక్క మాట రాయి. ఫోను వద్దనిపిస్తే ఫోను వద్దు.

ఆశీస్సులతో,
నాన్న

మరిచాను. మీ అత్తగారి షుగర్ మాత్రలు రెండు చోట్ల సర్దు, సగం సూట్‌కేసులో, సగం నీ హ్యాండ్‌బ్యాగులో. ఎక్కే రోజు పెద్ద పెట్టెలు వాళ్ళే తీసుకుంటారు, గదికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. ఆవిడ వీసా పేజీ ఫొటో ఈరోజే పంపు, నేను చూస్తాను.