సాకే గురించి రాసేటప్పుడు ఊళ్ళ పేర్లు, వడ్ల పేర్లు కూడా రాయండి

ఎడిటర్ గారికి జయపురం నుంచి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జపాన్ సాకే మీద వేసిన అర పేజీ వ్యాసం చదివాను సర్. ఫోటోలు బాగున్నాయి, హైదరాబాద్‌లో బాటిల్ ఎంత పడుతుందో కూడా రాసారు, కానీ అంత వ్యాసంలో ఒక్క ఊరి పేరు లేదు, ఒక్క వరి రకం పేరు లేదు, "జపాన్ వాళ్ళ బియ్యం సారా" అని ఒక్క ముక్కలో తేల్చేసారు. నేను కొరాపుట్ జిల్లాలో రైస్ మిల్లు పనిలోనే పెరిగినవాణ్ణి, ఆ ఒక్క ముక్క దగ్గరే మనసు ఆగిపోయింది, అందుకే రాస్తున్నాను. ఉత్తరం పెద్దదయితే నా గురించి ఉన్నది కత్తిరించండి గానీ వడ్ల గురించి ఉన్నది మాత్రం ఉంచండి.

ముందుగా, అది సారా కాదండి. సారాని బట్టీ పెట్టి కాచి ఆవిరి పట్టి దించుతారు, సాకేని పులియబెట్టి వడగడతారు, మా వైపు కొండల్లో చోళ్ళు, బియ్యం పులియబెట్టి చేసే లందాకి దగ్గర చుట్టం అది. ఆల్కహాల్ 15, 16 శాతం దాకా ఉంటుంది. ఆవిరి మీద ఉడికించిన బియ్యాన్ని వెచ్చటి గదిలో పరిచి కోజి అనే బూజు పొడి చల్లి, చేత్తో కలుపుతూ, గుడ్డ కప్పుతూ, రాత్రి కూడా లేచి వేడి చూసుకుంటూ రెండు రోజులు పెంచుతారు. ఆ బూజు బియ్యంలో పిండిని చక్కెర చేస్తుంటే అదే తొట్టిలో ఈస్ట్ ఆ చక్కెరని ఆల్కహాల్ చేసేస్తూ ఉంటుంది, రెండూ ఒకేసారి ఒకే చోట జరగాలి, ఒకటి ముందుకి పోయి ఇంకోటి వెనకబడితే సరుకు పాడైనట్టే. ఈ కోజి పనితనాన్నే 2024 డిసెంబర్‌లో యునెస్కో వాళ్ళు వారసత్వ జాబితాలో చేర్చారు, ఆ సంగతి కూడా మీ వ్యాసంలో రాలేదు.

మిల్లు వాళ్ళకి ఆశ్చర్యం కలిగించేది ఇంకోటి ఉంది, అది పాలిష్. మనం తినే తెల్ల బియ్యానికి పొట్టు తీసిన గింజ మీద సుమారు 10 శాతం తవుడుగా పోతుంది, అంతకంటే ఎక్కువ పోతే ఓనరు ఊరుకోడు. సాకేలో గింజో అనే మేలు రకానికి కనీసం 40 శాతం తీసేస్తారు, ఇంకా మేలైన డైగింజో అనే రకానికి కనీసం సగం తీసేస్తారు. గింజ పై పొరల్లో ఉండే ప్రోటీను, కొవ్వు రుచిని మొరటు చేస్తాయని, గింజ నడిమధ్యలో ఉండే పిండి కోసమే ఇంత తిప్పలు. గింజ పగలకూడదు కాబట్టి మెల్లగా రోజుల తరబడి తిప్పుతారు. మీ ఫోటోలో ఉన్నది యమగుచి జిల్లా దాస్సాయి బ్రాండ్, వాళ్ళయితే ఒక రకంలో 23 శాతమే మిగుల్చుతారు. తీసేసిన పిండి పారేయరు లెండి, అప్పడాల్లాంటి బిస్కెట్లకి పోతుంది.

ఇప్పుడు ఊళ్ళ సంగతికి వస్తాను. కోబే నగరం పక్కన సముద్రం వెంబడి నదా అనే ప్రాంతం ఉంది, హకుత్సురు, కికుమసమునే, సకురమసమునే అనే సాకే బ్రాండ్లన్నీ అక్కడివే, హకుత్సురు 1743 నాటిది, కికుమసమునే 1659 నాటిది. 1840లో యమమురా తజాఎమోన్ అనే సకురమసమునే ఆసామికి నిషినోమియాలో ఒకటి, ఉఓజాకిలో ఒకటి రెండు కార్ఖానాలు ఉండేవి, ఒకే యజమాని, ఒకే పద్ధతి, అయినా నిషినోమియా సరుకే ఎప్పుడూ బాగుండేది. ఎందుకో తేల్చుకోవాలని బియ్యం మార్చి చూసాడు, పనివాళ్ళని అటూ ఇటూ మార్చి చూసాడు, సామాను మార్చి చూసాడు, తేడా పోలేదు. చివరికి నిషినోమియా బావి నీళ్ళు ఉఓజాకికి మోయించి అక్కడ చేయిస్తే అప్పుడు కుదిరింది. ఆ నీళ్ళనే మియామిజు అంటారు. ఇనుము చాలా తక్కువ, ఫాస్ఫరస్, పొటాషియం ఎక్కువ, కాబట్టి ఈస్ట్ జోరుగా పని చేస్తుంది, సరుకు గట్టిగా ఘాటుగా వస్తుంది. ఇనుము ఉంటే సాకే రంగు మారిపోతుంది, రుచి చెడిపోతుంది. మా ఊళ్ళో బోరు నీళ్ళు బకెట్‌లో రాత్రంతా ఉంచితే పొద్దున్నకి ఎర్రటి మడ్డి కడుతుంది, అందుకే ఈ ముక్క చదివినప్పుడు నాకు చప్పున అర్థమయింది. ఈ రోజుల్లో ల్యాబ్‌లో చేసే పనిని ఆ మనిషి ల్యాబ్ లేకుండా ఒక్కోటి మార్చుకుంటూ చేసాడు, మన పిల్లల సైన్సు పాఠంలో ఉండాల్సిన కథ అది.

క్యోటో పక్కన ఫుషిమి నీళ్ళు అంత గట్టివి కావు, అంటే ఖనిజాలు తక్కువ, అందుకని అక్కడి సరుకు మెత్తగా ఉంటుంది, 1637 నుంచి ఉన్న గెక్కైకన్ అక్కడిదే. హిరోషిమా వాళ్ళ నీళ్ళు ఇంకా మెత్తవి, నదా పద్ధతి పట్టుకుంటే వాళ్ళకి అస్సలు కుదరలేదు, మియురా సెంజాబురో అనే ఆయన ఏళ్ళ తరబడి తంటాలు పడి మెత్తటి నీళ్ళకి వేరే పద్ధతి కనిపెట్టి, దాన్ని దాచుకోకుండా 1898లో పుస్తకంగా అచ్చేసి అందరికీ చెప్పాడు. 1907లో దేశం మొత్తానికి జరిగిన మొదటి పోటీలో హిరోషిమా సరుకు పై ప్రైజులు కొట్టింది. తన ఊరి నీళ్ళు మంచివి కావు అని కూర్చోకుండా తన నీళ్ళకి తగ్గ విద్య నేర్చుకున్నాడు, నాకు అన్నిటికంటే నచ్చిన మనిషి ఈయనే.

మా మేనల్లుడు హిరోషిమా వైపు ఉద్యోగంలో ఉండగా చలికాలంలో సైజో అనే ఊరు చూసాను. స్టేషన్ దిగి నడిస్తే చాలు, తెల్ల గోడలు, ఎర్ర ఇటుక పొగగొట్టాలు, ఒక్కో గొట్టం మీద ఒక్కో బ్రాండ్ పేరు, కామోత్సురు, హకుబోతన్ అని. చూరు కింద దేవదారు ఆకులతో కట్టిన పెద్ద బంతి వేలాడుతుంది, కొత్త సాకే వచ్చినప్పుడు పచ్చటి బంతి కడతారు, నెలలు గడిచి సరుకు మగ్గేకొద్దీ బంతి గోధుమ రంగుకి తిరుగుతుంది, దారిన పోయేవాడికి లోపల సరుకు ఏ దశలో ఉందో దాన్ని చూస్తే తెలిసిపోతుందట. బ్రూవరీ బావి నీళ్ళు గొట్టం పెట్టి బయటికి వదిలారు, ఊళ్ళోవాళ్ళు సీసాలు తెచ్చి పట్టుకుపోతున్నారు, నేనూ దోసిలి పట్టి తాగాను. ఇంకో విషయం, మన మిల్లుల్లో పేరు వినే సటాకే కంపెనీ పుట్టింది ఆ ఊళ్ళోనే, 1896లో సటాకే రీచి అనే ఆయన జపాన్‌లో మొదటిసారి మనిషి కాలితో తొక్కకుండా యంత్ర బలంతో బియ్యం పాలిష్ పట్టే మర చేసింది సైజోలోనే. జయపురం మిల్లులో పెరిగినవాడికి ఆ ఊరు పుణ్యక్షేత్రం లాంటిదే కదండీ.

ఇదంతా ఎవరి చేతుల మీద నడిచింది అనేది కూడా రాయాల్సింది. అక్కడ పెద్ద మేస్త్రిని తోజి అంటారు. మంచు పడే జిల్లాల్లో చలికాలం వ్యవసాయం ఉండదు, ఇవాతే వైపు నాన్‌బు తోజిలు, నీగాతా వైపు ఎచిగో తోజిలు, తంబా తోజిలు, వీళ్ళంతా రైతులే, కోతలు అయ్యాక జట్టు కట్టుకుని ఊరు వదిలి వెళ్ళి నెలల తరబడి బ్రూవరీలో ఉండి సాకే చేసి, నాట్ల టైముకి ఇంటికి వచ్చేవాళ్ళు. మా కొరాపుట్, రాయగడ, నవరంగపురం జిల్లాల నుంచి కూడా కోతలు అయ్యాక జనం వలస పోతారు, తెలంగాణ ఇటుక బట్టీలకి, పిల్లల్ని కూడా తీసుకుని. వాళ్ళూ రైతులే, వీళ్ళూ రైతులే. అక్కడ వలస వెళ్ళినవాడు మేస్త్రి అయ్యాడు, అతని జిల్లా పేరు మీద సంఘం నిలిచింది, బ్రూవరీ యజమాని కూడా అతని మాట వినేవాడు. మా వాడు అడ్వాన్సు తీర్చడానికి ఇటుకలు చేస్తున్నాడు. ఈ తేడా చూస్తే నాకు కోపం వస్తుంది సర్, దాచుకోను. ఇప్పుడు అక్కడ కూడా తోజిలు తగ్గిపోతున్నారు, దాస్సాయి వాళ్ళయితే తోజి వెళ్ళిపోయాక జీతం స్టాఫ్‌తో, లెక్కల చార్టులతో ఏడాది పొడుగునా చేస్తున్నారు, బాగానే చేస్తున్నారు, కానీ ఫోటోకి అదొక్కటే పెడితే మిగతా జపాన్ కనపడదు.

ఇక వడ్లు. యమదా నిషికి అనే రకం హ్యోగో జిల్లాలో 1923లో సంకరం చేసి 1936లో పేరు పెట్టారు, గింజ పెద్దది, మధ్యలో తెల్లటి పిండి కన్ను ఉంటుంది, కోజి అక్కడికి దిగుతుంది. దుబ్బు ఎత్తు పెరుగుతుంది, గాలి వేస్తే పడిపోతుంది, రైతుకి పండించడం కష్టం, అయినా మంచి రేటు ఉంది కాబట్టి పండిస్తారు, నదా బ్రూవరీలకీ ఆ కొండ పల్లెలకీ మీజీ చక్రవర్తి కాలం (1868-1912) నుంచే ఊరి మొత్తంతో ఒప్పందం ఉంది, ఫలానా ఊరి వడ్లు ఫలానా వాళ్ళకి అని.

దానికంటే కమెనోఓ అనే పాత వరి రకం కథ వినండి. 1893లో చలికి పంట పోయిన ఏడాది, యమగాతా వైపు అబే కమెజి అనే రైతు పడిపోయిన చేలో నిలబడి ఉన్న మూడు వెన్నులు చూసి, చేను గలాయన్ని అడిగి తెచ్చుకుని, ఏళ్ళ పాటు ఏరి ఏరి పెంచితే అది మంచి రకం అయింది, ఇవాళ జపాన్ అంతా తినే కోషిహికరికి అది పూర్వీకురాలు. ఎరువులు, కొత్త రకాలు వచ్చాక చేలల్లోంచి పోయింది. 1980ల మొదట్లో నీగాతాలో కుసుమి అనే బ్రూవరీ వాళ్ళు పరిశోధన కేంద్రంలో దాచి ఉన్న 1500 గింజలు అడిగి తెచ్చుకున్నారు. 1500 గింజలంటే తూకం చెప్పేస్తాను, నలభై గ్రాములు ఉంటే ఎక్కువ, గుప్పెడు కూడా కాదు. అవి నాటి, విత్తనం కట్టి, మళ్ళీ నాటి, ఆ వడ్లతో సాకే చేసి ఆ వడ్ల పేరే దానికి పెట్టారు. ఒకాయామాలో ఒమాచి అనే పాత రకాన్ని కూడా ఇలాగే ఒక బ్రూవరీ రైతుల వెంటపడి నిలబెట్టింది.

ఇది చదివి జయపురంలో కూర్చున్నవాడికి ఏమనిపించాలి? మా జిల్లా వరికి పుట్టిళ్ళలో ఒకటని శాస్త్రవేత్తలే అంటారు. 1950ల్లో కటక్ వరి పరిశోధన సంస్థ వాళ్ళు జయపురం చుట్టుపక్కల తిరిగి 1,700 పైగా రకాలు సేకరించారు. 2012లో కొరాపుట్ సాగు పద్ధతికి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ గుర్తింపు ఇచ్చింది. బైపారిగుడ వైపు కమలా పూజారి గారు ఇంట్లో కుండల్లో విత్తనాలు దాచి పద్మశ్రీ అందుకున్నారు, 2024లో పోయారు. కాళాజీరా అనే మా సువాసన వరికి 2024 జనవరిలో జీఐ, అంటే ఊరి పేరుతో ఇచ్చే సర్కారు గుర్తింపు వచ్చింది. వండితే పక్క వీధి దాకా వాసన వస్తుంది. కానీ మండీకి వచ్చే లారీల్లో అంతా 1001, 1010, మన మారుటేరు రకాలే, అవి మంచి రకాలే కాదనను, కానీ మండీలో పాత రకానికి వేరే రేటు లేదు, మిల్లుకి ఒకే సైజు గింజ కావాలి, రైతు ఎవరి కోసం దాస్తాడు? జపాన్‌లో గింజని కాపాడింది ఉపన్యాసాలు కాదు, పేరు రాసి రేటు కట్టి కొన్నవాళ్ళు.

కల్లు, లందా మాట కూడా చెప్పాలి. జపాన్‌లో కూడా రైతులు ఇంట్లో దోబురోకు అని చిక్కటి బియ్యం కల్లు చేసుకునేవాళ్ళు, 1899లో సర్కారు నిషేధించింది, ఎందుకంటే అప్పట్లో ఖజానాకి మద్యం పన్నే పెద్ద ఆదాయం. వంద ఏళ్ళు దాటాక 2002లో వచ్చిన ప్రత్యేక మండలాల చట్టంతో కొన్ని పల్లెల్లో లైసెన్సు మీద మళ్ళీ అనుమతి ఇచ్చారు. మా వైపు చోళ్ళు, బియ్యం పులియబెట్టి లందా చేస్తారు, జీలుగు చెట్టు నుంచి కల్లు గీస్తారు, పెళ్ళికి, పండక్కి, కొత్తల పూజకి అది లేకుండా జరగదు. మీ పేపర్లో మాత్రం ఇవి దాడులు, బెల్లం ఊట ధ్వంసం వార్తల్లోనే కనపడతాయి. కల్తీ సారా తాగి కొంపలు ఆరిపోవడం మేమూ చూసాం, దాన్ని ఆపాల్సిందే, ఆడవాళ్ళు రోడ్డెక్కితే వాళ్ళ వైపే నేను. కానీ కల్తీ సారానీ, అమ్మమ్మలు చేసే లందానీ ఒకే హెడ్డింగ్ కింద వేయకండి.

జపాన్‌లో హకుసాన్ అనే ఇషికావా జిల్లా ప్రాంతానికి 2005లోనే సాకే జీఐ ఇచ్చారు. అదే జిల్లా నోతో వైపు 2024 జనవరి 1న భూకంపం వచ్చి బ్రూవరీలు కూలిపోతే వేరే ఊళ్ళ బ్రూవరీలు వాళ్ళకి తమ తొట్లు ఇచ్చి, ఆ బ్రాండు పోకుండా వాళ్ళ పేరు మీదే చేయించారు. పేరు, ఊరు అంటే వాళ్ళకి అంత లెక్క.

కాబట్టి సర్, డిసెంబర్‌లో కోతలప్పుడు ఒక రిపోర్టర్‌ని జయపురం పంపండి. విజయనగరం, సాలూరు మీదుగా బస్సులు ఉన్నాయి. బొరిగుమ్మ వైపు, బైపారిగుడ వైపు ఊళ్ళు తిరిగి ఏ ఊళ్ళో ఏ పాత రకం ఇంకా మిగిలిందో పేర్లతో రాయండి, ఒడియా పేపర్లలో అప్పుడప్పుడు వస్తుంది గానీ తెలుగులో నేనెప్పుడూ చూళ్ళేదు, ఇక్కడ తెలుగు చదివే ఇళ్ళు చాలా ఉన్నాయి. కాళాజీరా కిలో రైతు దగ్గర ఎంతకి కొంటున్నారు, విశాఖలో ప్యాకెట్ ఎంతకి అమ్ముతున్నారు, ఆ రెండు రేట్లూ పక్కపక్కనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జయపురం, కొరాపుట్ జిల్లా, ఒడిశా