గుడిస ట్రిప్పులు ఎందుకు ఆపామంటే

మారేడుమిల్లి నుంచి గుడిస కొండకి మా జీపుల్లో వెళ్ళడానికి ఈ కార్తీక మాసానికీ, సంక్రాంతి సెలవులకీ అడ్వాన్స్ కట్టినవాళ్ళందరికీ ఈ మాట. మా మూడు జీపుల్లో రెండు ఫోర్ వీల్ గేర్లు పాడై షెడ్డులో పడి ఉన్నాయి. వాటి మీద తీసుకున్న బుకింగులన్నీ రద్దు చేశాం. ఏ నంబరు నుంచి డబ్బు వచ్చిందో ఆ నంబరుకే పూర్తిగా వెనక్కి వేస్తున్నాం.

ఫోన్ చేసినవాళ్ళలో చాలామంది ఒకటే అడుగుతున్నారు: "బండి నడుస్తోంది కదండీ, టూ వీల్‌లోనే తీసుకెళ్ళొచ్చుగా?"

టూ వీల్ అంటే ఇంజన్ బలం వెనక రెండు చక్రాలకే వెళ్ళడం, ఫోర్ వీల్ అంటే నాలుగింటికీ వెళ్ళడం. ఫోర్ వీల్ ఎత్తు ఎక్కడానికే అనుకుంటారు. పుల్లంగి ఊరు దాటాక ఆ దారిలో నాకు దాని అవసరం ఎక్కువగా దిగేటప్పుడే. సూర్యోదయం చూసి అందరూ దిగే వేళకి, చీకటితో ఎక్కిన బళ్ళన్నీ మంచుకి తడిసిన మట్టిని నున్నగా చేసేసి ఉంటాయి. దిగుడులో బరువంతా ముందుకొచ్చి వెనక చక్రాలు తేలికవుతాయి. టూ వీల్‌లో ఇంజన్ పట్టేది ఆ తేలికైన చక్రాలనే కాబట్టి బండి వెనక భాగం పక్కకి జారుతుంది. ఫోర్ వీల్‌కి మార్చి, 'లో' గేరు (బండిని బాగా నెమ్మదిగా, ఎక్కువ పట్టుతో నడిపేది) పెట్టి, మెయిన్ గేరు ఫస్టులో వేస్తే ఇంజనే నాలుగు చక్రాలనీ పట్టి ఉంచుతుంది, బ్రేకు తొక్కే పని పెద్దగా ఉండదు.

సీజన్ కోసమని ఆ రెండు జీపులకీ ట్రాన్స్‌ఫర్ కేసులో, అంటే ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టెలో, గేర్లు మార్పించాం. ఏళ్ళ తరబడి సామాను తెచ్చుకుంటున్న షాపే. బిల్లులో కొత్తవని రాశారు, ధరా కొత్తదే తీసుకున్నారు. ఖాళీ బండితో ట్రయల్‌కి వెళ్తే, దిగుడు మధ్యలో లో గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌లో పడింది. ట్రాన్స్‌ఫర్ కేసులో న్యూట్రల్ పడిందంటే మెయిన్ గేరు ఏది వేసి ఉన్నా ఒక్కటే, ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. ఇక మిగిలేది బ్రేకులే. నిండా మనుషులతో పొడుగాటి దిగుడులో అవి వేడెక్కితే పట్టవు. మా డ్రైవరు బండిని కొండ వైపు గట్టుకి ఆనించి ఆపాడు. రెండో జీపుదీ అదే వరస.

విప్పించి చూశాను. ఆయిల్‌లో మెరిసే ఇనప రజను. గేరు పళ్ళ మూలలు అరిగి గుండ్రంగా ఉన్నాయి, వాటి మీద గ్రైండింగ్ పట్టిన గీతలు. వేలితో రాస్తే తెలిసిపోతున్నాయి. పాత సామానుని సానపట్టి కొత్త కవర్లో పెట్టి పంపారు. షాపుకి ఫోటోలు పంపితే వచ్చిన జవాబు: "మీ డ్రైవరుకి లో గేరు వేయడం రాదేమో చూసుకోండి." డబ్బు పోతే పోయింది, ఈ మాట మాత్రం నేను మర్చిపోను. మా డ్రైవరు కొండరెడ్డి తెగ కుర్రాడు, ఆ కొండల్లోనే పుట్టి పెరిగాడు. వర్షంలో ఆ దారిని అతనిలా దించేవాడిని నేను ఇంకొకడిని చూడలేదు. ఆ షాపు గడప మళ్ళీ తొక్కను.

రద్దు చేయడం తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు. మా ఏడాది సంపాదనంతా ఈ చలికాలంలోనే. ఫైనాన్స్ వాయిదాలు ఆగవు, డ్రైవర్ల జీతాలు ఆపను. మీ బుకింగులు తమకి ఇచ్చేస్తే కమీషన్ ఇస్తామని వేరే జీపులవాళ్ళు అన్నారు. ఇంట్లోవాళ్ళు కూడా ఒప్పుకోమనే అన్నారు. నిద్ర పట్టక లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను, ఎలా వేసినా కమీషన్ తీసుకోవడమే లాభంగా తేలింది. కానీ ఏటా మీ అమ్మానాన్నల్నీ పిల్లల్నీ మా బండెక్కిస్తున్నారు. వాళ్ళని నేను చూడని బండి ఎక్కించి, దాని మీద డబ్బు తీసుకోవడం నావల్ల కాలేదు. సీజన్లో బళ్ళు మూలన పెట్టుకున్నాడని నవ్వుకుంటున్నారట, నవ్వుకోనివ్వండి.

మూడో జీపు గేర్లు ముట్టుకోలేదు, బాగుంది. దాని మీద ఉన్న బుకింగులు ఉన్నట్టే ఉంటాయి, మనుషుల్ని మాత్రం ఇరికించను. జలతరంగిణి జలపాతం, సోకులేరు వాగు చూడాలనుకునేవాళ్ళకి మా అవసరం లేదు, మీ కారులోనే వెళ్ళి రండి.

కొత్త గేర్లకి ఈసారి కంపెనీ డీలరు దగ్గరే ఆర్డర్ పెట్టాం. బిగించాక ముందు ఖాళీగా, తర్వాత మీ బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేసి అదే దిగుడులో దింపుతాం. లో గేరు ఊడకుండా నిలబడిందంటే, రద్దయినవాళ్ళకే మొదట ఫోన్ చేస్తాను. తేదీ అప్పుడు చెబుతాను. ఇప్పుడే చెప్పమని దయచేసి ఒత్తిడి పెట్టకండి.