పాత చిరునామాకు వచ్చిన నోటీసు

పర్లాకిమిడి,
మార్చి 22, ఆదివారం.

చిరంజీవి అమ్మలుకి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమం నీ నోటి నుంచి కాక కోటబొమ్మాళి అత్త నోటి నుంచి వినవలసి వస్తోంది కనుక, తరువాత రాయవలసిన మామూలు వాక్యం ఈసారి రాయడం లేదు.

ఉగాది బాగానే జరిగింది. మన వేపచెట్టు కొట్టేశాక పువ్వు కూడా ఒకరిని అడిగి తెచ్చుకోవలసి వచ్చింది, పాతపట్నం పిన్ని పంపింది. పొద్దున్నే నది దాటి వెళ్ళి నీలమణి దుర్గమ్మకు నీ పేరున అర్చన చేయించాం. పూజారి నీ నక్షత్రం అడిగితే మీ నాన్న తడుముకోకుండా తప్పు చెప్పారు. నేను దిద్దాను. మహేంద్రతనయలో నీళ్ళు అప్పుడే సన్నబడ్డాయి, ఎండలు ముదురుతున్నాయి. పండు పరీక్షలు నడుస్తున్నాయి, వాడి ఒడియా పేపరు బాగా రాశాడట, లెక్కల సంగతి అడగవద్దన్నాడు. పండగనాడు నువ్వు పంపిన మెసేజి అందింది. ఒక దండం బొమ్మ, ఒక మామిడికాయ బొమ్మ. మామిడికాయ బాగుంది.

అత్త వచ్చింది ఆ సాయంత్రమే. గుమ్మం దాటకముందే, "ఇంగ్లండులో అమ్మలు మీద కోర్టు కేసు పడిందట, వీసా పోతుందట, పోలీసులు కారు నంబరు రాసుకున్నారట" అంది. బామ్మ విన్నది. ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరైనా నిద్రపోయి ఉంటారా, నువ్వే ఆలోచించు. మర్నాడు నేనే రవి బావకు ఫోను చేసి నిలదీస్తే, నువ్వు వాడికి పంపిన కాగితం ఫోటో నాకు పంపాడు. వాడిని తిట్టవద్దు. నువ్వు వాడిని అడగగలిగినప్పుడు మమ్మల్నీ అడగవచ్చు, అంతే నా మాట.

ఫోటోను పెద్దది చేసి, కళ్ళజోడు తుడుచుకుని, ముందూ వెనకా చదివాను. ముప్పై ఏళ్ళకు పైగా తపాలా కౌంటరులో కూర్చున్నదాన్ని, కాగితం చదవడం నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. అది పోలీసులు ఇచ్చింది కాదు, మునిసిపాలిటీ వాళ్ళు వేసిన జరిమానా కూడా కాదు. నువ్వు వెళ్ళిన దుకాణం దగ్గర కార్లు నిలిపే స్థలాన్ని చూసుకునే ప్రైవేటు కంపెనీ పంపిన పార్కింగ్ ఛార్జ్ నోటీసు. మునిసిపాలిటీ వాళ్ళది పెనాల్టీ ఛార్జ్ నోటీసు. రెండింటికీ పొడి అక్షరాలు పీసీఎన్ అని ఒకటే కావడంతో అందరూ హడలిపోతారని రవి చెప్పాడు. ఇది బోర్డు మీది షరతుకు ఒప్పుకుని కారు పెట్టి, ఆ షరతు తప్పావన్న తగాదా. సివిల్ వ్యవహారం. నేరం కాదు. ఈ ముక్క అత్తకు ఫోను చేసి మరీ చెప్పాను. బామ్మకు మూడుసార్లు చెప్పవలసి వచ్చింది.

కానీ ఆ కాగితంలో నాకు వేరే అంకెలు కనబడ్డాయి. మార్చి 3, కారు లోపలికి వచ్చినది 7.52, బయటికి పోయినది 11.06. పాల డబ్బా, రొట్టె కొనడానికి మూడు గంటల పద్నాలుగు నిమిషాలా? రాత్రి డ్యూటీ దిగి కారులోనే నిద్రపోయావని రవి నసుగుతూ చెప్పాడు. సరే, దాని సంగతి తరువాత.

ముందు తేదీలు చూడు. 2012లో అక్కడ చేసిన చట్టం ప్రకారం, కెమెరా చూసి కారు యజమానికి పంపే నోటీసు, కారు తీసిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లోగా చేరాలి. పోస్టు చేసిన తరువాత రెండో పని దినాన చేరినట్టే భావించాలని కూడా అందులోనే ఉందట. ఎంత చక్కని నియమమో! మన దగ్గర ఇలాంటిది ఉంటే ఎన్ని పోట్లాటలు తప్పేవో. గడువు దాటితే, నడిపినవారెవరో తెలియనప్పుడు యజమాని నుంచి వసూలు చేసే హక్కు ఆ చట్టం కింద వాళ్ళకు ఉండదు. ఆశగా లెక్క వేశాను. నీ కాగితం తేదీ 9, సోమవారం. అంటే 11, బుధవారం చేరినట్టు. గడువు 17 దాకా ఉంది. ఆ తలుపు మూసుకుంది. ఎవరు నడిపారో రాయనక్కరలేదని రవి అంటున్నాడు. రాయకపోవడం తప్పేమీ కాదు గానీ, నోటీసు వేళకే వచ్చినప్పుడు దాచి లాభం ఏముంది? నేను కాదు నడిపింది అని మాత్రం రాయకు. ఊరుకోవడం వేరు, అబద్ధం వేరు.

అన్యాయం, అంత డబ్బా అని కూడా రాయకు. ఆ వాదన అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడింది. 2015 నవంబరులో తీర్పు వచ్చింది. చెమ్స్‌ఫర్డ్ అనే ఊళ్ళో రెండు గంటలు ఉచితమన్న చోట ఒకాయన దాదాపు గంట ఎక్కువ ఉంచితే 85 పౌండ్లు అడిగారు. బోర్డులు పెద్దవిగా, స్పష్టంగా ఉన్నాయి, జాగా మరొకరికి ఖాళీ కావాలనుకోవడం సబబైనదే, ఆ మొత్తం మితిమీరినది కాదు అన్నారు న్యాయమూర్తులు. అంటే బోర్డు ఎలా ఉందన్నది అసలు ప్రశ్న. నువ్వు మళ్ళీ అక్కడికి వెళ్ళి, నువ్వు లోపలికి వచ్చిన దారిలో, కారు పెట్టిన చోట నిలబడి, బోర్డు కనబడుతోందా, చెట్టు అడ్డం ఉందా, అక్షరం చదవగలమా, అన్నీ ఫోటో తీయి. పగలు వెళ్ళు. నిద్రపోయి లేచాక వెళ్ళు.

బోర్డు అంటే గుర్తొచ్చింది, పలాస స్కూటరు స్టాండు. నువ్వు అప్పుడు భువనేశ్వర్ హాస్టల్లో ఉన్నావు, నీకు మీ నాన్న చెప్పిన కథే తెలుసు. జరిగింది అది కాదు. 2018 అక్టోబరు 10న మీ నాన్న కంటి పరీక్షకని ఇద్దరం విశాఖపట్నం బయలుదేరాం. పలాస స్టేషను దగ్గర ఒక ప్రైవేటు స్టాండులో స్కూటరు పెట్టాం. తుఫాను కబురు ఉందని నేను అంటూనే ఉన్నాను, గోపాల్‌పూర్ వైపు పోతుందిలే అన్నారు ఆయన, ఈయనను అడిగి పోతుందన్నట్టు. మర్నాడు తెల్లవారుజామున తిత్లీ సరిగ్గా పలాస దగ్గరే తీరం దాటింది. రైళ్ళు లేవు, కరెంటు లేదు, ఇంట్లో బామ్మ, పండు ఎలా ఉన్నారో తెలియదు, ఫోన్లు పలకవు. విశాఖపట్నంలో టెక్కలి మామయ్య ఇంట్లో ఒక దుప్పటి, రెండు చీరలు అప్పు. రైళ్ళు నడవగానే వచ్చి చూస్తే జీడితోటలన్నీ నేలకు ఒరిగి ఉన్నాయి. స్టాండు రేకుల కప్పు కూలి మన స్కూటరు మీద పడి ఉంది, అద్దం లేదు.

స్టాండు అతను వచ్చి, ఉన్న రోజులన్నిటికీ అద్దె, పైగా చెప్పకుండా ఎక్కువ ఉంచినందుకు అదనం అన్నాడు. మీ నాన్న గొంతు సంగతి నీకు తెలుసు. నౌపడ దాకా వినబడి ఉంటుంది. నీ తాతల కాలం నుంచి మా వాళ్ళు ఇక్కడే బండ్లు కట్టేవారని ఏదో మొదలుపెట్టారు, దానికీ దీనికీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పదిమంది పోగయ్యారు. నేను వెళ్ళి బోర్డు వెతికాను. అది కూడా పడిపోయి ఉంది, తిరగేసి చూశాను. ఇరవై నాలుగు గంటలకు ఇంత అని ఉంది, రాత్రి పదికి మూసివేయబడును అని ఉంది, అదనం మాట ఎక్కడా లేదు. "బాబూ, నువ్వు ఏయే రోజుల్లో స్టాండు తెరిచావో ఈ టోకెను వెనక రాసి ఇవ్వు, ఆ రోజులకు ఇస్తాం" అని పెన్ను ఇచ్చాను. పెన్ను పట్టుకుని అలా నిలబడ్డాడు. తెరిస్తే కదా. చివరికి రెండు రోజుల డబ్బు తీసుకున్నాడు. ఆ తరువాత మీ నాన్న చేసినది ఏమిటంటే, అతనితో కలిసి రేకులు ఎత్తించి, మిగిలిన డబ్బు కప్పు వేయించుకోమని అతనికే ఇచ్చేశారు! స్కూటరు కదలలేదు, జీడిపిక్కల వ్యానులో ఎక్కించుకుని ఇంటికి వచ్చాం. దారిలో అడ్డంపడ్డ చెట్లు తప్పిస్తూ ఎంత రాత్రి అయిందో.

ఇక నీ పని. ముందు ఆ దుకాణం మేనేజరును కలువు. పాలు కొన్నావు కదా, బ్యాంకు ఖాతాలో ఆ లెక్క కనబడుతుంది, చూపించు. డ్యూటీ పట్టీ చూపించు. స్థలం వాళ్ళది, వాళ్ళు ఒక మాట చెబితే కంపెనీ రద్దు చేయవచ్చు. దానితోపాటే కంపెనీకి అభ్యంతరం రాయి. 28 రోజులు అంటే ఏప్రిల్ 6 దాకా ఉంది, కానీ చివరి రోజుదాకా ఆగకు. గడువు మీద 10 నిమిషాల వెసులుబాటు ఉందట, నువ్వు రెండు గంటల గడువు దాటినది గంటా పద్నాలుగు నిమిషాలు, కనుక దాని ఊసు వద్దు. కంపెనీ కాదంటే, వాళ్ళు బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ సభ్యులైతే పోప్లా అనే అప్పీళ్ళ సంస్థకు అప్పీలు చేయవచ్చు. డబ్బు అడగరు, అక్కడి తీర్పుకు కంపెనీ కట్టుబడాలి, నువ్వు కట్టుబడనక్కరలేదు. అయితే అలసిపోయాను పాపం అంటే వాళ్ళు కరగరట, షరతూ బోర్డూ చూస్తారట. జాలి మేనేజరు దగ్గర, బోర్డు పోప్లా దగ్గర.

లేదా 60 పౌండ్లు కట్టేయి. ఆ తగ్గింపు 14 రోజులే, అంటే రేపటితో సరి, అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేసే ముందు ఫోటో తీయించి పండు చేత పంపిస్తున్నాను. తరువాత 100. మన లెక్కలో ఆ 60 ఏడు వేలకు పైనే. నీ ఇష్టం, నీ జీతం. కట్టు, కాదను, ఏదో ఒకటి చేయి. కాగితాన్ని సొరుగులో పెట్టి ఊరుకోవడం మాత్రం వద్దు. వసూలు ఏజెన్సీ వాళ్ళు మరో 70 కలిపి ఎర్ర అక్షరాలతో రాస్తారట, వాళ్ళకు ఇల్లు జప్తు చేసే అధికారం లేదు, భయపడకు. కౌంటీ కోర్టు నుంచి వచ్చే కాగితం వేరు. దానికి 14 రోజుల్లో బదులు ఇవ్వాలి. పట్టించుకోకపోతే నువ్వు లేకుండానే తీర్పు వస్తుంది, నెలలో కట్టకపోతే ఆరేళ్ళు రికార్డులో ఉంటుంది. రేపు ఇల్లు అద్దెకు ఎవరిస్తారు?

ఇక్కడే నాకు గుండె దడ. ఆ నోటీసు మీద చిరునామా పాతది! నువ్వు డిసెంబరులోనే గది మారావు. ఆ గుజరాతీ అమ్మాయి మంచిది కనుక దాచి ఇచ్చింది. రేపు ఆమె కూడా మారితే? కంపెనీ నీ చిరునామా ప్రభుత్వ వాహన రికార్డుల నుంచి తీసుకుంటుంది, అక్కడ మార్చకపోతే కోర్టు కాగితం కూడా పాత ఇంటికే పోతుంది. పైగా మార్చనందుకు 1000 పౌండ్ల దాకా జరిమానా ఉంటుందట, అది మాత్రం నిజమైన జరిమానా. నా కూతురు చిరునామా మార్చలేదు! కౌంటరులో నా పక్కన కూర్చున్నవాళ్ళకు తెలిస్తే నవ్వుతారు. ఇవాళే మార్చు. ఏది పంపినా అక్కడి పోస్టాఫీసులో పంపినట్టు రుజువు కాగితం ఊరికే ఇస్తారు, అడిగి తీసుకో. మన దగ్గర అలాంటిది 2011లో ఎత్తేశారు, రిజిస్టర్డ్ పోస్టును కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఈ రెండోది నేను రిటైరయ్యాక చేశారు కనుక సరిపోయింది.

ఇప్పుడు ఆ నిద్ర సంగతి. చలికాలంలో, తలుపులు బిగించుకుని, ఒక్కదానివి. కింద ఏమైనా వేసుకున్నావా? తిన్నావా అంతకుముందు? వరసగా ఎన్ని రాత్రులు వేస్తున్నారు నీకు? ఇదంతా అడుగుదామనే కూర్చున్నాను. కానీ నిన్న వంట చేస్తూ ఆలోచిస్తే, ఆ మూడు గంటలూ నువ్వు రోడ్డు మీద లేవు కదా అనిపించింది. సోంపేట దగ్గర చిన్నాన్న కూడా అలా ఒక పక్కన ఆపి ఉంటే. సరే, ఇంట్లో ఆ మాట ఎత్తం. నిద్ర వస్తే మళ్ళీ కూడా ఆపు. ఎక్కడైనా ఆపు. అక్కడ ఎంత అడిగితే అంత నేను ఇస్తాను. వీలైతే బోర్డు చూసి ఆపు.

జీడిపప్పు, వడియాలు కట్టి ఉంచాను, అత్త తమ్ముడు వచ్చే నెల బయలుదేరుతున్నాడు. కొత్త ఇంటి చిరునామా ఇంటి నంబరుతో సహా రాయి. ఆదివారం నీకు సెలవైతే మధ్యాహ్నం చేయి, మాకు సాయంత్రం అవుతుంది, బామ్మ మెలకువగానే ఉంటుంది.

మీ నాన్న వెనక నిలబడి, ఒక్క పైసా కట్టవద్దని, వాళ్ళ ఫోను నంబరు తనకు పంపమని రాయమంటున్నారు. నంబరు పంపకు.

మీ అమ్మ