ఫ్రాన్స్‌లోని సాంత్ క్రువా సరస్సులో మమ్మల్ని ఒడ్డుకు చేర్చిన పెద్దాయనకు

అయ్యా, పేరైనా అడగలేకపోయాం. మీకు వేవేల కృతజ్ఞతలు.

గాలెతా వంతెన కింద నుంచి వెర్దోన్ నది లోయలోకి వెళ్లేటప్పుడు నీరు కదలకుండా పచ్చగా మెరిసింది. తిరిగి సరస్సులోకి వచ్చేసరికి ఎదురుగాలి! ఎంత తెడ్డు వేసినా పడవ ఉన్నచోటే ఉంది. పెట్రోలు పడవలు అక్కడ తిరగవు (మంచిదే, కానీ ఆ క్షణాన మాకు అలా అనిపించలేదు). మీరు మీ కయాక్‌ను పక్కకు తెచ్చి, ఎర్ర తాడును మా పడవ ముందు కొక్కేనికి రెండు ముళ్లు వేసి, గట్టు వారగా లాక్కెళ్లారు.

ఏడుస్తున్న మా అమ్మాయిని మరిపించడానికి, 1970లలో ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన పాత లె సాల్ ఊరు గురించి సైగలతోనే చెప్పారు. మా అమ్మాయి ఇప్పటికీ నీళ్లలో ఆ ఊరి చర్చి గోపురం వెతుకుతోంది.

మీ తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది. చిరునామా తెలిస్తే ఉతికి పంపిస్తాం.