క్లాసులో టీవీ సంగతి, మీ ఇంటి కథల సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శనివారం ఒడిశాలోని మన పర్లాకిమిడి బడి మీటింగులో రెండు ప్రశ్నలు వచ్చాయి, ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒక నాన్నగారు "వేరే బడుల్లో పిల్లలకి ట్యాబ్‌లు ఇస్తున్నారట మేడం, మనవాళ్లకి ఎప్పుడిస్తారు?" అన్నారు. ఆయన కూర్చునేలోపే వెనక వరసలోంచి ఒక మామ్మగారు లేచి "ఇంటికాడ ఫోన్ లాక్కుంటే అన్నం తినడు, బడికి తోలితే ఇక్కడా టీవీయేనా అమ్మా?" అని అడిగారు. ఇద్దరికీ అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, వాన మొదలైంది, మీరంతా ఊళ్లకు పోవాలి. అందుకే ఈ నెల వార్తాలేఖ చాలావరకు దీనికే. మిగతా విషయాలు నోటీసు బోర్డులో పెట్టాను, చూసుకోండి.

ముందు మన దగ్గర ఏమున్నాయో చెప్తాను. ఒకటి నుంచి మూడో తరగతి వరకు గదికో టీవీ, నాలుగు ఐదు తరగతులకు కలిపి ఒక ప్రొజెక్టరు, టీచర్ల దగ్గర రెండు ట్యాబ్‌లు, ఒక స్పీకరు. టీవీలు పెట్టిన మొదటి సంవత్సరం మేం సరిగ్గా వాడలేదు, ఈ మాట మీ దగ్గర దాచను. రైమ్స్ పెట్టేవాళ్లం, పిల్లలు కదలకుండా చూసేవాళ్లు, గది నిశ్శబ్దంగా ఉండేది, ఆ నిశ్శబ్దం చూసి పాఠం బాగా నడుస్తోందని నేనూ అనుకున్నాను. డిసెంబరులో ఒకటో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే, ఇరవై ఇంగ్లీషు పాటలు గడగడా పాడే పాప తన పేరులోని అక్షరాలు పలక మీద విడివిడిగా రాస్తే గుర్తుపట్టలేకపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు టీచర్లందరం కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం: టీవీ ఐదు నిమిషాలు నడిస్తే ఆ తర్వాత కనీసం పది నిమిషాలు పిల్లలు మాట్లాడాలి, రాయాలి, లేదా చేతులతో ఏదైనా చేయాలి. అలా చేయించడానికి కుదరని వీడియో ఎంత బాగున్నా మాకు వద్దు.

ఇప్పుడు రెండో తరగతి లెక్కల క్లాసు ఎలా నడుస్తుందో చెప్తాను, ఎందుకంటే నాకు బాగా నచ్చిన పని అక్కడే జరుగుతోంది. పదులు, ఒకట్లు చెప్పాలంటే చీపురుపుల్లలే ఇప్పటికీ మంచి సామాను, పది పుల్లలు రబ్బరు బ్యాండుతో కడితే ఒక పది. కానీ ముప్పై నాలుగు మంది పిల్లలున్న గదిలో టీచరు బల్ల మీద పుల్లలు పేరిస్తే ముందు వరస వాళ్లకే కనబడేవి, వెనకవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడేవాళ్లు. ఇప్పుడు టీచరు తన ఫోన్‌ని చిన్న చెక్క స్టాండు మీద కెమెరా కిందికి చూసేలా పెట్టి టీవీకి కలుపుతున్నారు. పుల్లల కట్ట విప్పితే, ఒక పది పది ఒకట్లుగా విడిపోవడం గదంతా ఒకేసారి చూస్తుంది. ఆ తర్వాత ఒక పిల్లవాడు వచ్చి తన పలక ఆ కెమెరా కింద పెడతాడు, 52 లోంచి 27 ఎలా తీశాడో చెప్తాడు, తప్పు చేస్తే ఎక్కడ చేశాడో మిగతావాళ్లే కనిపెడతారు. దీనికి ఇంటర్నెట్టు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, కొత్తగా కొన్నది ఒక కేబుల్ మాత్రమే.

లెక్కల్లో మన పిల్లలకున్న ఒక ప్రత్యేకమైన ఇబ్బంది గురించి కూడా ఇక్కడే చెప్పాలి, చాలామంది గమనించరు. తెలుగులో ఇరవై మూడు అంటాం. ముందు ఇరవై, తర్వాత మూడు, రాసేటప్పుడూ అదే వరస, 2 తర్వాత 3. ఒడియాలో తెయిశ, హిందీలో తేయీస్. అక్కడ ముందు మూడు వినిపిస్తుంది, ఇరవై వెనకాల వస్తుంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, టీవీలో హిందీ వినే పిల్ల తెయిశ అని విని 32 రాస్తే అది తెలివితక్కువతనం కాదు, చెవికి వినబడిన వరసలో రాసింది. దానికితోడు ఒడియా అంకెల్లో నాలుగు చూడ్డానికి ఇంచుమించు మన 8 లాగే ఉంటుంది. దయచేసి ఇలాంటి తప్పులకి ఇంట్లో కొట్టకండి. ఇప్పుడు మేం స్పీకర్లో ఒకే సంఖ్యను మూడు భాషల్లో వినిపిస్తున్నాం, పిల్లలు పుల్లలు తీసి చూపించాలి, తర్వాతే అంకె రాయాలి. ఈ ఆడియో మన టీచర్లే రికార్డు చేశారు, ఒడియా మాటలు మన ఆయా గారి గొంతు. పిల్లలకి అది తెలిసిన గొంతు కాబట్టి నవ్వుకుంటూ వింటారు.

చదువు విషయంలో పెద్ద సాయం కథల నుంచి దొరికింది. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు మొదలుపెట్టారు, అందులో బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీసి పెట్టారు. మనకు కలిసొచ్చిందేమిటంటే చాలా కథలు తెలుగులోనూ ఒడియాలోనూ ఉన్నాయి, బొమ్మలు అవే, మాటలు మారతాయి. సోమవారం తెలుగులో చదివిన కథనే బుధవారం ఒడియాలో తెర మీద పెడతాం. కథ ముందే తెలుసు కాబట్టి ఒడియా అక్షరాలంటే భయం ఉండదు, ఈ మాట ఏమై ఉంటుందా అని ఊహిస్తూ చదువుతారు. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు, నాలుగు లిపులు నేర్చుకుంటున్న చిన్నపిల్లలు వీళ్లు, ఎంత బరువో ఒక్కసారి ఆలోచించండి. తెర మీద అక్షరం పెద్దగా కనబడినప్పుడు ఏ గీత ఎక్కడ మొదలవుతుందో, ఒత్తు ఎక్కడ పడుతుందో టీచరు వేలితో చూపించగలరు, పుస్తకంలో చిన్న అచ్చులో అది కష్టం.

పిల్లలు బయటికి చదువుతుంటే విని తప్పొప్పులు చెప్పే తెలుగు యాప్ ఒకటి కూడా వాడి చూశాం. దాంట్లో మంచి ఏమిటంటే, సిగ్గుపడే పిల్లలు నలుగురి ముందు నోరు తెరవకపోయినా ట్యాబ్ ముందు చదువుతారు. ఒక్కొక్కరికి వారానికి రెండుసార్లు, ఎనిమిది నిమిషాలు. కానీ ఒక ఇబ్బంది ఎదురైంది. మన మూడో తరగతి పిల్లవాడు "వెళ్తాను" అన్నమాటని "ఎల్తాను" అని చదివాడు, ఇంట్లో అందరూ అలాగే అంటారు. యంత్రం ఒప్పుకోలేదు. మళ్లీ చదివాడు, మళ్లీ ఒప్పుకోలేదు. నాలుగోసారి వాడు ట్యాబ్ బోర్లించి పెట్టి లేచిపోయాడు. ఆ పిల్లవాడికి చదవడం వచ్చు, అర్థం కూడా తెలుసు. అది తెలుసుకోవాలంటే పక్కన ఒక టీచరు ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో నిపుణ్ భారత్ పథకం మొదలుపెట్టినప్పుడు చెప్పిన లక్ష్యం కూడా మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని, మామూలు లెక్కలు చేయగలగాలని. అర్థమైందో లేదో అడిగి, విని, మళ్లీ అడిగి చూసుకోవాల్సింది మనిషే. అందుకే ఇప్పుడు ట్యాబ్ దగ్గర ఇద్దరు కూర్చుంటే, ఆ టైములోనే టీచరు ఇంకొక పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని స్వయంగా చదివించి వింటున్నారు. రోజుకి ముగ్గురు నలుగురు. నన్నడిగితే మన బడిలో ఈ సామాన్ల వల్ల జరిగిన గొప్ప మేలు అదే, టీచరుకి ఒక్కొక్క పిల్లని వినే తీరిక దొరికింది.

ట్యాబ్‌ల గురించి అడిగిన నాన్నగారికి నా జవాబు: ప్రాథమిక తరగతుల్లో పిల్లకో ట్యాబ్ ఇవ్వం. డబ్బు ఒక్కటే కారణం అనుకోకండి. ఎవరి తెర వాళ్లు చూసుకుంటే పక్కవాడితో మాట ఉండదు, ఈ వయసులో భాష వచ్చేది మాటల్లోనే. కరెంటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన గజపతి జిల్లాలో ఎన్ని ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మీరూ చూశారు. తుపాను లేకపోయినా మహేంద్రగిరి మీద నల్లమబ్బు పడితే చాలు కరెంటు పోతుంది. అందుకని మా పాఠాలన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెట్టుకుంటాం, కరెంటు లేని రోజు అదే పాఠం బోర్డు మీద చెప్పడానికి టీచరు సిద్ధంగా ఉంటారు.

మామ్మగారికి నా జవాబు: బడిలో మీ మనవడు తెర చూసేది రోజు మొత్తం మీద ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు, అదీ ముక్కలు ముక్కలుగా. పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 5 నుంచి 10 ఏళ్ల పిల్లలకి రోజుకి రెండు గంటల లోపే అని చెప్పింది. ఇంట్లో నా కోరిక ఒక్కటే, అన్నం తినేటప్పుడు, పడుకునే ముందు ఫోన్ వద్దు. మొదటి నాలుగైదు రోజులు ఏడుస్తారు. ఆ నాలుగైదు రోజులు ఇంట్లో పెద్దవాళ్లందరూ ఒకే మాట మీద ఉండాలి, నాన్న వద్దంటే నానమ్మ ఇచ్చేస్తే ఇక ఆ పని జరగదు.

ఫోన్‌ని చదువుకి వాడాలనుకునేవాళ్లకి ఒక చిన్న సలహా. పాతపట్నం, టెక్కలి, మెళియాపుట్టి వైపు మీ బంధువుల పిల్లల పాత పాఠ్యపుస్తకాలు ఉంటే తెచ్చి పెట్టుకోండి. కొన్నేళ్లుగా ఆంధ్ర పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటోంది, మన పిల్లలకి చాలా పనికొస్తుంది. వాటిలో ఉన్న క్యూఆర్ కోడ్‌ని ప్రభుత్వం వాళ్ల దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. 2017లో వచ్చిన ఈ యాప్‌కి డబ్బు కట్టక్కర్లేదు. పిల్ల చేతికి ఇచ్చి వదిలేయకుండా పక్కన కూర్చుని చూడండి, మధ్యలో ఆపి "ఇప్పుడేం జరిగింది?" అని అడగండి. మీకు చదువు రాకపోయినా ఈ ప్రశ్న అడగొచ్చు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి ఇంకో పెద్ద కారణం. పోయిన నెల 29న తెలుగు భాషా దినోత్సవం చేశాం కదా, ఆ రోజు పిల్లలకి గిడుగు రామమూర్తి గారి గురించి చెప్పాను. ఆయన పుట్టింది 1863లో, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. పంతులుగా బతికింది మన పర్లాకిమిడిలో. ఈ వీధుల్లోనే నడిచి బడికి వెళ్లి పాఠాలు చెప్పిన మనిషి. సవరలంటే మన కొండల్లో ఉండే గిరిజనులు, తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, కొండల్లో తిరిగి వాళ్ల పాటలు, కథలు రాసుకున్నారు, సవర పిల్లలకి వాచకాలు రాశారు, బడులు పెట్టారు. ఆ తిరుగుడులో వచ్చిన చలిజ్వరానికి వాడిన క్వినైన్ ఆయన చెవులు దెబ్బతీసింది. పిల్ల ఇంట్లో మాట్లాడే భాషలోనే చదువు మొదలవాలని, మనం మాట్లాడే తెలుగులోనే మనం రాయాలని పోరాడిన మనిషి మన ఊరి పంతులుగారని చెప్తే, రెండో తరగతి పాప ఒకతె లేచి "మా అమ్మ కూడా సవరలో కథ చెప్తాది మేడం, చెప్పమంటారా?" అని అడిగింది. సవరల దేవుడు కిట్టుంగ్ కథ చెప్పింది, సగం సవర, సగం తెలుగు. అంతకుముందు క్లాసులో ఆ పాప గొంతు మేమెవ్వరం పెద్దగా వినలేదు.

ఆయన కాగితం మీద చేసిన పని ఈ రోజు మీ జేబులో ఉన్న ఫోన్‌తో చేయొచ్చు. దసరా సెలవులకి చాలామంది అమ్మమ్మ, తాతయ్యల ఊళ్లకి వెళ్తారు, పలాస, గుణుపురం, గుమ్మ, సెరంగో. అక్కడ ఒక్క కథ రికార్డు చేసి తీసుకురండి. పొడుపుకథ అయినా సరే, ఉడుపుల పాట అయినా సరే, తిత్లీ రాత్రి ఇంటి పైకప్పు ఎలా లేచిపోయిందో చెప్పినా సరే. తెలుగు, ఒడియా, సవర, ఏ భాషైనా పరవాలేదు. "ఏటి", "ఎల్తాను" అని మాట్లాడితే అలాగే మాట్లాడనివ్వండి, బడి కోసమని పుస్తకం భాషలోకి మార్చకండి. నాలుగైదు నిమిషాలు చాలు. ఫ్యాను ఆపేసి, ఫోన్ చెప్పేవాళ్ల నోటికి మూర దూరంలో పెట్టండి, లేకపోతే గాలి హోరే వినబడుతుంది. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఎదురుగా కూర్చోవాలి, మధ్యలో "ఊఁ" కొట్టాలి, ఆ ఊఁ కూడా రికార్డు కావాలని నా ఆశ.

ఆ కథలని క్లాసులో స్పీకర్లో వినిపిస్తాం, పిల్లలు బొమ్మలు గీస్తారు, వాళ్ల మాటల్లో రాస్తారు, టీచరు టైపు చేసి ప్రింటు తీసి కుడతారు. మన బడి లైబ్రరీలో అవి పుస్తకాలుగా ఉంటాయి.

ఒక జాగ్రత్త. వీడియో వద్దు, గొంతు మాత్రమే పంపండి. మన వాట్సాప్ గ్రూపులో వచ్చిన పిల్లల ఫొటోలు, గొంతులు బయటివాళ్లకి ఫార్వర్డ్ చేయకండి. మేం కూడా ట్యాబ్‌లోని యాప్‌లలో పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టం, రోల్ నంబరు మాత్రమే పెడతాం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. అందుకే ఈ ఉత్తరం వెనక ఒక ఒప్పుకోలు పత్రం కుట్టాను. ఇష్టమైతే సంతకం పెట్టండి, ఇష్టం లేకపోతే ఖాళీగా పంపండి, దానికి ఎవరూ కారణం అడగరు. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయొచ్చు.

స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లున్నాయని నాకు తెలుసు. వాళ్లు సెలవుల తర్వాత ఏ శనివారమైనా బడి వదిలాక అమ్మమ్మనో తాతయ్యనో వెంటబెట్టుకుని స్టాఫ్ రూముకి రండి, మేమే రికార్డు చేస్తాం. మెట్లు ఎక్కలేనివాళ్లుంటే గేటు దగ్గర చెప్పండి, కింద వేపచెట్టు దగ్గరే కుర్చీ వేయిస్తాను. టీ ఉంటుంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు