లీవర్ కేబిన్ల కాగితాలు తూకానికి వేయకండి

సంపాదకులకు నమస్కారం.

2019 ఫిబ్రవరిలో ప్రకటించి, 2025 జనవరిలో శంకుస్థాపన చేసిన దక్షిణ కోస్తా రైల్వే జోన్ విశాఖ కేంద్రంగా ఏర్పాటవుతోంది. విజయవాడ, గుంటూరు, గుంతకల్ డివిజన్లు సికింద్రాబాద్ చేతి నుంచి, పాత వాల్తేరు డివిజన్‌లో ఒక భాగం భువనేశ్వర్ చేతి నుంచి ఇందులోకి వస్తున్నాయి. సిబ్బంది పంపకాల గురించి, భవనాల గురించి మీ పత్రికలో చదువుతున్నాం. పాత కాగితాల గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. ఇల్లు మారేటప్పుడు ముందుగా బయటపడేసేవి అవే కదా అన్నది నా భయం.

మా నాన్నగారు లీవర్‌మన్, అంటే స్టేషన్ కేబిన్‌లో ఇనుప లీవర్లు లాగి సిగ్నళ్లు, పట్టాల దారులు మార్చే ఉద్యోగి. ఆయన డ్యూటీ చేసిన కేబిన్‌కు చెక్క మెట్లెక్కి వెళ్లాలి. పైన వరసగా లీవర్లు. ఎర్రవి సిగ్నళ్లవి, నల్లవి బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లవి, నీలంవి ఆ పాయింట్లను కదలకుండా పట్టే లాకులవి, తెల్లవి వాడకంలో లేనివి. చేతిలో పాత పంచె ముక్క పట్టుకుని, ఒక కాలు ఇనుప చట్రానికి తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వేసి లాగేవారు. ఎక్కడో దూరంగా పట్టాల పక్కన, తీగతో లీవరుకు కట్టిన సిగ్నల్ చెయ్యి వాలేది. ఎండాకాలం మధ్యాహ్నాలు తీగ సాగి అది సగమే వాలేది. అప్పుడు తీగ బిగించి మళ్లీ లాగాల్సిందే. ఒక లైనుకు దారి ఇచ్చాక దానికి అడ్డొచ్చే లీవరు ఎంత గుంజినా కదిలేది కాదు. ఏ లీవరు దేన్ని పట్టి ఉంచుతుందో చెప్పేది లాకింగ్ టేబుల్. గోడకు కట్టిన సిగ్నల్ ప్లాను, స్టేషన్ వర్కింగ్ రూల్స్, ఏ బండి ఏ నిమిషానికి వచ్చిందో రాసిన ట్రైన్ సిగ్నల్ రిజిస్టరు దానికి తోడు. ఇవి పోతే ఆ ఊళ్లో రైలు ఎలా నడిచిందో చెప్పడానికి ఏమీ మిగలదు.

స్టేషన్ కోడ్‌ల సంగతీ అంతే. ఇవి టెలిగ్రాఫ్ నాటివి. ఊరి పేరంతా కీ మీద కొట్టే తీరిక లేక రెండు మూడు అక్షరాలకు కుదించారు. మా ఏలూరు కోడ్ ఈఈ. టెలిగ్రాఫ్ వాడే మోర్స్ సంకేతాల్లో ఆ అక్షరానికి ఒక్కటే చుక్క, అంటే రెండు పొట్టి దెబ్బలతో ఊరి పేరు అయిపోతుంది! విజయవాడ టికెట్ మీద బీజెడ్‌ఏ రూపంలో ఇప్పటికీ బెజవాడే ఉంది. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌ది సీహెచ్‌ఈ, అది ఇంగ్లీషువాళ్ల చికాకోల్. కాకినాడ టౌన్‌ది సీసీటీ, కోకనాడ రోజులది. కడపకు హెచ్‌ఎక్స్ ఎందుకు పెట్టారో తేల్చాలంటే ఆ కాలపు కోడ్ పుస్తకాలు, రైల్వే సిబ్బంది వాడే వర్కింగ్ టైం టేబుళ్లు చేతికి దొరకాలి.

కొన్నేళ్ల కిందట ఒక స్టేషన్‌లో పాత కేబిన్ పడగొడుతున్నారని తెలిసి పరుగున వెళ్లాను. లీవర్ల మీది ఇత్తడి పలకలు అప్పటికే లేవు. రిజిస్టర్లు వానలో తడిసి గుట్టగా పడి ఉన్నాయి. ఒకటి తీసి తెరిస్తే సిరా కారిపోయి పేజీలు అతుక్కుపోయాయి. ‘రేపు తూకానికి వెళ్లిపోతాయండీ, మీకెందుకు’ అన్నాడు మేస్త్రీ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది పాత సామాను మీద మమకారమని అధికారులు కొట్టిపారేయవద్దు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగాక, రైల్వే భద్రతా కమిషనర్ విచారణ అంతకుముందు సిగ్నల్ సర్క్యూట్ మార్చినప్పుడు జరిగిన లోపాలను ఎత్తిచూపింది. తీగలు కలిపే టెర్మినళ్ల మీద సర్క్యూట్ పేర్లు తప్పుగా రాసి ఉన్నాయని తేలింది. సిగ్నలింగ్‌లో ఒక రాత తప్పితే ఎంత నష్టమో అంతకంటే చెప్పాలా? ఏ మార్పు ఎప్పుడు, ఎందుకు చేశారన్న కాగితం ఆ శాఖకు ప్రాణం.

1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం రికార్డుల బాధ్యత చూసే అధికారి ఒకరు ఉండాలి. ఫైళ్లు లారీ ఎక్కకముందే ఆ అధికారి ప్రతి డివిజన్‌లో సిగ్నల్ ప్లాన్లకు, లాకింగ్ టేబుళ్లకు, వర్కింగ్ టైం టేబుళ్లకు జాబితా రాయించి స్కాన్ చేయించాలి. పరిశోధకులు చూసుకునేలా ఒక ప్రతిని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఇవ్వాలి. అమృత్ భారత్ పథకం కింద ఇన్ని స్టేషన్లకు కొత్త హంగులు దిద్దుతున్నారు. డివిజన్‌కు ఒక్క కేబిన్‌నైనా లీవర్లతో సహా ఉన్నచోటే ఉంచడం పెద్ద ఖర్చేమీ కాదు.

లీవరు లాగిన చేతులు ఇంకా కొన్ని మన మధ్య ఉన్నాయి. వాళ్లంతా ముసలివాళ్లయ్యారు. వారి ఇళ్లకు వెళ్లి, వాళ్లు చెప్పేది రికార్డు చేసే పని ఈ ఏడాదే మొదలుపెట్టమని కొత్త జోన్ అధికారులను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక లీవర్‌మన్ కుమారుడు,
ఏలూరు